తగ్గినదా, మూలపడినదా, అంతరించినదా?
మన వృత్తి స్థితిని తెలుపు మాటలు - వాని వాడుక

సహకార సంఘముల వార్షిక నివేదికలలోను, సర్కారుకు పెట్టు అర్జీలలోను మనవారు తరచుగా వ్రాయు వాక్యమొకటి కలదు: "చేనేత పరిశ్రమ క్షీణించినది." ఇందులో అబద్ధము లేదు. కాని చదివిన అధికారికి తాను చేయవలసినదేమో దీనివలన తెలియదు. ధర పడిపోయినదా? బేరము మందగించినదా? నూలు అందక పని కుంటుపడినదా? మగ్గములే మూలపడినవా? ఒక్కొక్కదానికి మందు వేరు. మన తెలుగులో ఇట్టి మాటలకు కొదువ లేదు. వానిని ఎక్కడ ఏది వాడవలెనో సోదర నేతగాండ్రు గమనింపవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

తగ్గుట

ఇది లెక్కకు వచ్చువానికి చెల్లు మాట. కావున ఎంతనుండి ఎంతకు, ఏ యేటినుండి ఏ యేటికి అనునవి ప్రక్కనే ఉండవలెను. 2009-10లో జరిగిన మూడవ అఖిల భారత చేనేత గణనలో నేతపనివారు, అనుబంధ పనివారు కలసి 43.31 లక్షల మంది. 2019-20 నాటి నాల్గవ గణనలో 35.22 లక్షల మంది. పనివారు తగ్గిరి. కాని అవే గణనలలో చేనేత కుటుంబములు 27.83 లక్షలనుండి 31.45 లక్షలకు పెరిగినట్లున్నది. కనుక "చేనేత తగ్గినది" అని ఊరకే వ్రాసిన ఎదుటివారు రెండవ అంకె చూపి నోరు మూయింపగలరు. "పనిచేయు చేతులు తగ్గినవి" అని వ్రాసిన ఎవ్వరును కాదనలేరు.

మందగించుట

ఇది వేగమునకు సంబంధించిన మాట. ఆషాఢములో పెండ్లిండ్లుండవు, పట్టుచీరల బేరము మందగించును. తమిళనాటి ఆడి మాసము సంగతియు ఇంతే. వానకాలమున గుంటమగ్గపు గుంటలో నీరూరును, పడుగుకు పెట్టిన గంజి ఆరదు, నేత మందగించును. ఇవి ఏటేటా వచ్చిపోవునవి. దీనిని క్షీణత అని అర్జీ పెట్టిన, శ్రావణము వచ్చి సరుకు కదలగానే మన మాటకు విలువ పోవును. ఇందుకు ఎదురు తప్పిదము కూడ కలదు. మూడు నాలుగేండ్లు వరుసగా శ్రావణములోను బేరము లేకున్నను "సీజను మందము" అని సరిపెట్టుకొనువారు కలరు. అది మందము కాదు. అప్పుడే "క్షీణించినది" అను మాటకు వేళయైనది. ఏండ్ల తరబడి కొద్దికొద్దిగా కరుగుటయే క్షీణత.

పడిపోవుట, కుంటుపడుట

పడిపోయినదానికి తేదీ ఉండును. 2020 మార్చిలో లాక్‌డౌను వచ్చినప్పుడు అమ్మకములు పడిపోయినవి. ఇట్టిచోట కావలసినది తక్షణ సహాయము, నిలువ సరుకు కొనుగోలు. కుంటుపడుట వేరు. నేయువాడున్నాడు, కొనువాడున్నాడు, చిలపనూలో రంగులో పెట్టుబడియో వేళకు రాదు. ఈ మాట వాడినప్పుడు ఏ కాలు కుంటియో వెంటనే చెప్పవలెను. లేనిచో నూలు కావలసినవానికి శిక్షణ తరగతి మంజూరగును.

మూలపడుట, చితికిపోవుట, దివాలా

మూలపడినది మగ్గము. విప్పి అటకమీద పెట్టిన మగ్గమును మరల దింపి బిగింపవచ్చును. కనుక ఇది ఆశ గల మాట. అయితే మగ్గము మూలనుండి, నేతగాడు ఊరనే ఉన్నాడా, మరమగ్గముల పనికి వలసపోయినాడా అనునది కూడ వ్రాయవలెను. చితికిపోయినది కుటుంబము. ఇది అప్పుల మాట, మగ్గమిచ్చిన తీరునది కాదు. ఇక దివాలా కోర్టు మాట. సంఘము నష్టములో ఉన్నదనుటకు బదులు మినిట్సులో "దివాలా తీసినది" అని వ్రాసిన, బ్యాంకువారు దానినే చూపి అప్పు నిరాకరింపవచ్చును.

అంతరించుట

ఒక నేత అంతరించినదనగా దానిని నేయువాడు, నేర్పువాడు ఎవ్వడును మిగులలేదని అర్థము. ఒక్క ముసలి నేతగాడైనను ఆ పని ఎరిగియుండగా ఈ మాట వాడరాదు. అంతరించినదానికి మ్యూజియములో చోటిత్తురు గాని నూలు ఇయ్యరు. "ఇంత మంది మిగిలిరి, వారి వయస్సులు ఇవి, నేర్చుకొనుటకు కుర్రవారు ఇందరు సిద్ధము" అని వ్రాయుట మేలు.

తగ్గినదా, తగ్గించిరా?

1985 నాటి రిజర్వేషను చట్టము క్రింద మొదట 22 రకములను చేమగ్గములకే కేటాయించిరి. తరువాత అవి 11 అయినవి. "తగ్గినవి" అన్నచో వేసవిలో చెరువువలె తమంత తామే తగ్గినట్లు తోచును. "తగ్గించిరి" అన్నచో ఎవరు, ఏ ఉత్తరువువలన అను ప్రశ్న పుట్టును. అఖిల భారత చేనేత బోర్డు 2020లో రద్దగుట అట్టిదే. అది రద్దయినది కాదు, కేంద్ర ప్రభుత్వము రద్దుచేసినది. ఈ న్యాయము మనకును వర్తించును. సంఘమే నాణ్యము తగ్గించియుండిన "గిరాకీ తగ్గినది" అని మాత్రమే వ్రాయరాదు.

పొరుగు భాషలతో జాగ్రత్త

పలు రాష్ట్రములలో స్థిరపడిన మనకు అర్జీలు అక్కడి భాషలలో పెట్టవలసి వచ్చును. షోలాపూరు బజారులో "మందీ" యన్నది "తేజీ"కి ఎదురుమాట, అంగడి ఎత్తుపల్లములలో ఒకటి మాత్రమే. మరాఠీలో "గిర్హాయీక్" అనగా కొనువాడు, మన "గిరాకీ" అనగా కొనుగోలు ఆసక్తి. తమిళములో "నలివు" అనగా బలము తగ్గుట. దానిని తెలుగులో "నలిగిపోయినది" అన్నచో ఎవరో నలిపినట్లగును. కన్నడములో "కుసిత" అన్నది ధరలు కూలుటకు వాడుదురు, నెమ్మదిగా తగ్గుటకు అది తగదు.

కావున అర్జీ వ్రాయు కార్యదర్శి కలము పట్టుటకు ముందు నాలుగు ప్రశ్నలు వేసికొనవలెను. ఏది తగ్గినది? ఎప్పటినుండి? మరల వచ్చునా? దానంతటది తగ్గినదా, ఒకరు తగ్గించిరా? ఈ నాల్గింటికి జవాబు దొరికిన తగిన మాట అదే దొరకును.

ఇంటిలోను ఈ మెలకువ అవసరము. "మన పని చచ్చిపోయిందిరా" అని రోజూ వినుచు పెరిగిన కుర్రవాడు నాడె పట్టుకొనడు, పిల్లనిచ్చువారును వెనుదీయుదురు. కష్టమును దాచమని చెప్పుట లేదు. "ఈ ఏడు కూలి గిట్టలేదు" అని ఉన్నది ఉన్నట్లు చెప్పుడు. గిట్టని కూలికి బేరమాడవచ్చును, చచ్చినదానికి ఎవ్వరును బేరమాడరు.