వార్తల్లో పదం: న్యూరోపెప్టైడ్

పార్కిన్సన్ వ్యాధి పరిశోధనల వార్తలలో తఱచుగా కానవచ్చు న్యూరోపెప్టైడ్లనగా, అమైనో ఆమ్లములు గొలుసుగా కూడి యేర్పడి, నాడీకణముల నడుమ సందేశములను చేరవేయు సూక్ష్మపదార్థములు. చొక్కా గుండీ పెట్టుకొనుటకైనను వ్రేళ్లు సహకరింపని ఈ వ్యాధియందు, మధ్యమస్తిష్కమున డోపమైన్‌ను పుట్టించు కణములు క్షీణించుటయే గాక, సబ్‌స్టాన్స్ పి, ఎన్‌కెఫలిన్ వంటి పెప్టైడ్లును మెదడు లోపలి చలనకేంద్రములందు తగ్గియున్నట్లు, మృతుల మెదళ్లను పరీక్షించిన శాస్త్రజ్ఞులు కనుగొనిరి. పీయూషగ్రంథి స్రవించు ప్రొలాక్టిన్ అను హార్మోన్‌ను అదుపుననుంచునదియు డోపమైనే. కావుననే డోపమైన్ వలె పనిచేయు బ్రోమోక్రిప్టిన్ అను మందు ప్రొలాక్టిన్ అధికమైనవారికిని, పార్కిన్సన్ రోగులకును గూడ ఉపయోగపడినది.

చెన్నపట్టణమున 1937లో దామోదరన్, రామస్వామి అను శాస్త్రజ్ఞులు, కాయనూగు తాకినంతనే ఒడలెల్ల దురదపెట్టు దూలగొండి గింజలనుండి, మెదడున డోపమైన్‌గా మాఱు లెవోడోపాను వేఱుచేసిరి. నేటి చికిత్సకు మూలాధారమదియే. అయినను మోతాదెఱుగక ఆ గింజలను నూఱి మ్రింగుట ప్రమాదకరమని మన పల్లెలలోని పెద్దలకు గట్టిగా చెప్పవలసియున్నది.