లాభం పుస్తకంలో ఉంది... డబ్బెక్కడ?

‘మాయాబజార్’ తీసిన చేయి అంతకుముందు ఏం చేసేదో తెలుసా? నోట్లు లెక్కపెట్టేది! అవును మరి, కె.వి.రెడ్డి గారు సినిమాల్లో అడుగుపెట్టింది కేషియర్‌గానే. ఫిజిక్సు చదివిన ఈ తాడిపత్రి యువకుడికి చిన్ననాటి స్నేహితుడు మూలా నారాయణస్వామి. బి.ఎన్.రెడ్డి గారితో కలిసి వాహినీని నిలబెట్టిన తాడిపత్రి వ్యాపారి ఆయనే. 1939లో ‘వందేమాతరం’ విడుదలైన రోజుల్లో వాహినీ డబ్బు లెక్కలు చూసింది కె.వి. గారు. నాలుగేళ్లు తిరిగేసరికి ‘భక్త పోతన’తో డైరెక్టరైపోయారు.

ఆ కేషియర్ లెక్కకి ఇప్పుడు పెద్ద పేరొచ్చింది. ‘క్యాష్ ఫ్లో’ అంటున్నారు. కామర్సు చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ మాట వినగానే మొహం ముడుచుకుంటారు గానీ, అనంతపురం రైతుకి ఇది కొత్తేం కాదు. ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడితే గొప్ప అనుకునే మెట్టసీమ అది. జూన్, జూలైలో విత్తనాలకీ, ఎరువుకీ, కూలీలకీ డబ్బు పోతుంది. శెనక్కాయ అంగడికి చేరేది దీపావళి దాటాక. మధ్యలో నాలుగు నెలలు పోవడమే గానీ రావడం లేదు. చేను పచ్చగా కళకళలాడుతున్నా ఇంట్లో ఉప్పుకి అప్పే!

సినిమా నిర్మాత కథా ఇదే. ఒక ఊహాలెక్క చూడండి. ఖర్చు 10 లక్షలు. సీడెడ్, నైజాం, ఆంధ్రా అన్నీ కలిపి 12 లక్షలకు అమ్మకం కుదిరింది. 2 లక్షలు లాభం, ఇంకేం కావాలి అంటారా? ఆగండి! డిస్ట్రిబ్యూటర్లు ఇప్పుడిచ్చేది 4 లక్షల అడ్వాన్సే. మిగతాది పెట్టె అందాక. తక్కువైన 6 లక్షలూ నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి తెచ్చారనుకుందాం. నెలకు వడ్డీయే 18 వేలు. హీరో గారి డేట్లు దొరక్కో, వానకి సెట్టు తడిసో రిలీజు ఏడాది ఆలస్యమైందా, వడ్డీ 2 లక్షల 16 వేలు. లాభం పోయి ఎదురు 16 వేలు నష్టం! సినిమా బాగుంది, బేరమూ బాగుంది. డబ్బు వేళకి రాలేదు, అంతే. పైగా ఫిల్ము రోజుల్లో ల్యాబ్ బాకీ తీర్చందే ప్రింట్లు బయటికి వచ్చేవి కావు.

కె.వి. గారు స్టాప్‌వాచ్ పట్టుకున్నది ఊరికే కాదు. షూటింగుకి ముందే ఏ సీను ఎంత నిడివి వస్తుందో లెక్క కట్టేవారట. అప్పట్లో తెర మీద నిమిషానికి 90 అడుగుల ఫిల్ము పరుగెత్తేది. తీసి కత్తిరించి పారేసే ప్రతి అడుగూ అచ్చమైన రొక్కమే కదా. అందులోనూ ఆయన తొలి చిత్రం తీసినది యుద్ధకాలంలో, ముడిఫిల్ము దొరకడమే గగనమైన రోజుల్లో.

కంపెనీల లెక్కల్లో ఈ రాకపోకల్ని మూడు గదుల్లో రాస్తారు. రోజువారీ వ్యాపారంలో వచ్చిందీ పోయిందీ మొదటిది. స్థలాలు, యంత్రాలు కొన్నదీ అమ్మినదీ రెండోది. అప్పులు, వాటాల డబ్బు మూడోది. మొదటి గది ఏళ్ల తరబడి ఖాళీగా ఉండి మూడోదే నిండుతూ ఉంటే ఆ కంపెనీ అప్పు మీద బతుకుతున్నదన్నమాట! ఇంకో తమాషా: కెమెరా అరుగుదలని లాభనష్టాల్లో ఖర్చు రాస్తారు గానీ, ఆ ఏడాది జేబులోంచి పైసా కదలదు. ఆ కెమెరా డబ్బు కొన్నప్పుడే పోయింది. 2013 కంపెనీల చట్టం చిన్న కంపెనీల్లాంటి కొన్నింటిని మినహాయించి మిగతావాటికి ఈ పట్టికని తప్పనిసరి చేసింది. షేర్లు కొనే ఉత్సాహం ఉన్న యువకులు లాభం అంకె కన్నా ముందు దీన్ని చూడాలని మా సలహా.

రెండో గదికి వాహినీ స్టూడియో కన్నా మంచి ఉదాహరణ దొరకదు. 1948లో మద్రాసు వడపళనిలో లేచింది. స్థలం, ఫ్లోర్లు, కెమెరాలు, సౌండు యంత్రాలు... డబ్బు ఒక్కసారిగా పోతుంది. వచ్చేది మాత్రం కాల్షీటు కాల్షీటుకీ అద్దె రూపంలో, చుక్క చుక్కగా. మూలా నారాయణస్వామి గారు 1950లోనే కన్నుమూశారు. స్టూడియో నాగిరెడ్డి, చక్రపాణి గార్ల చేతికొచ్చి విజయా-వాహినీ అయింది. 1957లో అక్కడి ఫ్లోర్లలోనే ఘటోత్కచుడి చేత వివాహభోజనం తినిపించారు ఆ పాత కేషియర్ గారు.