ఆ చేతికి పని చెప్పాలి

రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్‌లో చంకలోని లింఫ్ గ్రంథులను చాలావరకు తీసేసినప్పుడు, దాదాపు అయిదుగురిలో ఒకరికి ఆ వైపు చెయ్యి వాస్తుంది. ఇదే లింఫెడిమా. రంగుమందు ఎక్కించి, అది ముందుగా చేరిన కొద్ది గ్రంథులనే పరీక్షకు తీసే సెంటినెల్ పద్ధతిలో ఈ ముప్పు సుమారు ఇరవైమందిలో ఒకరికి తగ్గింది. చంకకు రేడియేషన్ ఇచ్చినా, ఒంటి బరువు ఎక్కువున్నా ముప్పు పెరుగుతుంది. వాపు వెంటనే కనిపించాలని లేదు. ఏళ్లు గడిచాక చెయ్యి బరువనిపించడం, ఆ ఒక్క చేతి గాజులే బిగుసుకోవడం తొలి సూచన కావచ్చు.

బోదకాలు మనకు తెలియనిది కాదు. అక్కడ లింఫ్ నాళాలను పాడు చేసేది దోమకాటుతో చేరిన పురుగు, ఇక్కడ క్యాన్సర్‌ను తొలగించిన చికిత్సే. దారి దెబ్బతింటే, రక్తంలోకి తిరిగి వెళ్లాల్సిన ద్రవం ప్రోటీన్లతో సహా చర్మం కింద నిలిచిపోతుంది. మొదట్లో వేలితో నొక్కితే సొట్ట పడుతుంది. అశ్రద్ధ చేస్తే కొవ్వు, నారలాంటి కణజాలం పేరుకుని చెయ్యి గట్టిపడుతుంది. మూత్రం ఎక్కువగా పోయించే మాత్రలతో లాభం లేనిది అందుకే: అవి ప్రోటీన్లను తీసుకుపోలేవు.

‘ఆ చేత్తో బిందె ఎత్తకు’ అని ఇంట్లోవాళ్లే కాదు, డాక్టర్లూ చాలాకాలం చెప్పారు. కానీ లింఫ్‌ను తోయడానికి గుండెలాంటి పంపు లేదు. నాళాల సొంత కదలికకు తోడు, కండరాలు బిగిసి సడలుతుంటేనే అది సాగుతుంది. అమెరికాలో క్యాథరిన్ ష్మిట్జ్ బృందం అప్పటికే వాపు ఉన్న 141 మంది మీద పరిశోధన చేసి, 2009లో ఫలితాలు ప్రకటించింది. కొందరి చేత వారానికి రెండుసార్లు, కంప్రెషన్ తొడుగు వేయించి, తేలికగా మొదలుపెట్టి మెల్లగా పెంచుతూ బరువులెత్తించారు. ఏడాదిలో వాళ్లలో వాపు తిరగబెట్టింది 14 శాతం మందికే. బరువులెత్తనివాళ్లలో అది 29 శాతం. అలాగని రేపే నిండు బిందె ఎత్తమని కాదు, ఫిజియోథెరపిస్టు ఎదుట మొదలుపెట్టాలి.

వాపు వచ్చాక చేసే చికిత్సలో అసలు బలం పొరలు పొరలుగా కట్టే కట్టుది, ఆ తర్వాత కొలతకు కుట్టిన తొడుగుది. చేత్తో మృదువుగా చేసే మర్దన వాటికి తోడు మాత్రమే, అదొక్కటే చాలదు. మన మే నెల ఎండల్లో ఆ తొడుగు వేసుకోవడం ఎంత కష్టమో చెప్పక్కర్లేదు, మానేసేవాళ్లను తప్పుపట్టలేం. ఆ చేతి మీద చిన్న గాయమైనా శుభ్రం చేసుకోవాలి. చెయ్యి ఎర్రబడి, వేడెక్కి, జ్వరం వస్తే మాత్రం తెల్లారేదాకా ఆగకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. అలాంటి ఇన్ఫెక్షన్ వచ్చిన ప్రతిసారీ మిగిలిన నాళాలు మరికొన్ని దెబ్బతింటాయి.