పికప్ కొనేముందు బరువు లెక్క, కాగితం లెక్క

ఆవని చుట్టుపక్కల మన తెలుగు కుటుంబాలు చాలావరకు టమోటా, మామిడి, పాలు, రాయి, ఇటుక పనుల మీదనే బతుకుతున్నాయి. బాడిగ బండికి పోసే డబ్బుతో సొంత బండే కొనవచ్చు కదా అని మన పిల్లలు తరచుగా సంఘానికి వచ్చి అడుగుతున్నారు. షోరూములో రంగు, సీటు, పాటలపెట్టె చూపిస్తారు. అడగవలసిన సంగతులు వేరే ఉన్నాయి. మాకు తెలిసినంతవరకు అవి ఇక్కడ రాస్తున్నాము.

మొదట మీ లోడు తూకం వేయించండి

2005లో వచ్చిన టాటా ఏస్ మోసే బరువు 750 కిలోలు. మహీంద్రా బొలేరో పికప్, టాటా యోధ వంటి వాటిలో 1,700 కిలోల రకం, 2,000 కిలోల రకం కూడా దొరుకుతున్నాయి. ఏది కావాలో తేల్చవలసింది మీ సరుకు.

కోలారు మార్కెట్లో టమోటా బాక్సు 15 కిలోల లెక్క. ప్లాస్టిక్ క్రేటు 2 కిలోలు అనుకుంటే ఒక్కొక్కటి 17 కిలోలు. 1,700 కిలోల బండికి 100 బాక్సులు సరిపోతాయని అనిపిస్తుంది. కానీ డ్రైవరు, తోడు మనిషి కలిసి 140 కిలోలు ఉంటే, అదీ ఈ బరువులోకే వస్తుంది. అప్పుడు మిగిలేది 91 బాక్సులే. పైన ఇనుప గ్రిల్లు కట్టిస్తే ఇంకా తగ్గుతుంది. ఆర్‌సీలో మొత్తం బరువు, ఖాళీ బండి బరువు అని రెండు అంకెలు ఉంటాయి. మొదటిదానిలో రెండోది తీసేస్తే వచ్చేదే మీ హద్దు. సేల్స్‌మన్ నోటిమాట హద్దు కాదు.

గ్రానైటు మోసేవారికి లెక్క ఇంకా గట్టిది. 20 మిల్లీమీటర్ల మందం పలక ఒక చదరపు అడుగుకు సుమారు 5 కిలోలు తూగుతుంది. 340 చదరపు అడుగులకే 1,700 కిలోలు నిండుతాయి, తొట్టి మాత్రం సగానికి పైగా ఖాళీగా కనిపిస్తుంది. ఆ ఖాళీ చూసి ఇంకా ఎక్కిస్తే స్ప్రింగు పట్టీలు విరుగుతాయి, దిగుడులో బ్రేకు పట్టదు. ఎండుగడ్డి మోసేవారికి తలకిందులు: తొట్టి నిండుతుంది, బరువు రాదు. వారికి పొడవు తొట్టి ముఖ్యం, టన్నులు కావు.

మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్ ప్రకారం, 2019 సవరణ తరువాత, అధిక లోడుకు 20,000 రూపాయలు, పైన ఎక్కువైన ప్రతి టన్నుకు 2,000 జుల్మానా ఉంది. ఎక్కువైన సరుకు దించేదాకా బండి కదలనివ్వరు. ఎండలో దించిన టమోటా సంగతి మీకు చెప్పనక్కరలేదు.

మంచి ధర చూసి కంతు కట్టుకోవద్దు

2023 జులైలో కోలారులో 15 కిలోల బాక్సు 2,000 రూపాయలు దాటింది. అదే బాక్సు 100కు కూడా పోని రోజులు మనం చూశాము. 7 లక్షల అప్పు, నూటికి పదిన్నర వడ్డీ, 5 ఏళ్ళ గడువు అనుకుంటే నెలకు సుమారు 15,000 కంతు వస్తుంది. పంట లేని నెలలోనూ కంతు ఆగదు. అందుకే సొంత పంట ఒక్కదాన్నే నమ్మకుండా, పాలు, ఇటుక, సిమెంటు వంటి ఏడాది పొడుగునా దొరికే బాడిగ ఎంతో ముందు రాసుకుని చూడండి.

పాత బండి అయితే

సరిహద్దు దాటితే పలమనేరు, పుంగనూరు. అక్కడ తక్కువకు వస్తుందని తెచ్చుకుంటారు. ఆంధ్ర నంబరు బండికి అక్కడి ఎన్‌ఓసీ, అంటే 28వ ఫారం, చేతికి వచ్చాకనే డబ్బు ఇవ్వండి. పేరు మార్పుకు 29, 30 ఫారాలు, ఫైనాన్సు తీరిందనడానికి 35వ ఫారం కావాలి. కర్ణాటకలో టాక్సు వేరే కట్టాలి. 12 నెలలకు మించి ఇక్కడ ఉంచితే ఇక్కడి నంబరు తీసుకోవాలి. సరుకు బండికి 8 ఏళ్ళ వరకు రెండేళ్ళకోసారి, ఆ తరువాత ఏటేటా ఎఫ్‌సీ చేయించాలి. ఆ ఖర్చు బేరంలోనే తగ్గించుకోండి.

అన్నిటికన్నా ముఖ్యం: మనుషులు

లైసెన్సు గురించి అనుమానం వద్దు. మొత్తం బరువు 7,500 కిలోలు మించని సరుకు బండిని ఎల్‌ఎంవీ లైసెన్సుతో నడపవచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో తేల్చింది.

భయం ఉన్నది వెనుక తొట్టిలో. ఆవని జాతరకు, పెళ్ళికి, కాయ కోతకు మనవాళ్ళు పికప్ నిండా ఎక్కుతారు. సరుకు బండిలో ఊరికే ఎక్కిన ప్రయాణికుడికి ఇన్సూరెన్సు కంపెనీ బాధ్యత లేదని ఆశారాణి కేసులో సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పింది. చట్టంలో రక్షణ ఉన్నది సరుకు సొంతదారుకో ఆయన తరఫు మనిషికో, బండి మీద పనిచేసేవారికో. మిగతావారికి ఏదైనా జరిగితే పరిహారం బండి యజమాని నెత్తిన పడుతుంది. అంటే ఇల్లు, పొలం పోతాయి. దెబ్బ తిన్నవారు కూడా మన పక్కింటివారే కదా, వారికీ చేతికేమీ రాదు.

కనుక పాలసీ తీసుకునేటప్పుడు డ్రైవరు, ఎత్తుదించే కూలీలు ఎంతమందికి రక్షణ రాసి ఉందో చూడండి. తక్కువైతే అదనపు ప్రీమియం కట్టండి. జాతరకు బస్సో వ్యానో మాట్లాడండి.

మనం ఇంట్లో తెలుగు మాట్లాడతాము, బడిలో కన్నడ చదివాము, పాలసీ కాగితం ఇంగ్లీషులో వస్తుంది. చదవకుండా సంతకం పెట్టడం మన ఇళ్ళలో పాత అలవాటు. మేము గుమాస్తా పనిలో జీవితమంతా కాగితాల మధ్యనే ఉన్నాము. బయానా ఇచ్చేముందు ఆర్‌సీ, పాలసీ, అప్పు పత్రం నకళ్ళు తీసుకుని సంఘానికి రండి. కలిసి కూర్చుని, ఒక్కొక్క గీత చదివి తెలుగులో చెబుతాము. సంతకం ఆ తరువాత పెట్టవచ్చు.