కన్నవారున్న అనాథలు

చర్చి తరఫున చిన్న బృందంగా మరో దేశం వెళ్లి, వారం పది రోజులు అనాథాశ్రమం వంటి చోట్ల సేవ చేసి రావడాన్ని మిషన్ ట్రిప్ అంటారు. అమెరికాలో 1960లో పుట్టిన యూత్ విత్ ఎ మిషన్ వంటి సంస్థలు యువతను ఇలా కొద్దికాలానికి పంపే పద్ధతిని దేశదేశాలకూ పాకించాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని చిల్డ్రన్స్ హోములకు ఈ బృందాలు కొత్త కాదు. విదేశాల్లో స్థిరపడ్డ తెలుగు క్రైస్తవులు కూడా సెలవుల్లో ఇలా వస్తుంటారు.

తెలుగునాట విదేశీ మిషన్ల సేవ పాతదే గాని, దాని తీరు వేరు. 1842లో గుంటూరు చేరిన లూథరన్ మిషనరీ హయ్యర్ అక్కడ బడులు పెట్టాడు. 1883లో వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ 1930లో గుంటూరులోనే కన్నుమూసింది. ఆమె కట్టించిన ఆస్పత్రిని ఇప్పటికీ కుగ్లర్ ఆస్పత్రి అనే పిలుస్తారు. హైదరాబాద్ ఎర్రగడ్డలో సెయింట్ థెరిసా ఆస్పత్రిని నడిపే జె.ఎం.జె. సిస్టర్ల సభ 1904లో నెదర్లాండ్స్ నుంచి గుంటూరుకు వచ్చింది. వీళ్లంతా తెలుగు నేర్చుకుని, ఏళ్ల తరబడి ఇక్కడే ఉండిపోయినవారు.

కరువు రోజుల్లో మిషనరీలు చేసిన పని పిల్లల విషయంలో మరీ ముఖ్యం. 1876-78 నాటి ధాత కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వించే కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో వచ్చిన కుటుంబాలకు కూలి ఇప్పించాడు. మెదక్‌లో చార్లెస్ పాస్నెట్ కూడా కరువు కాలంలో చర్చి కట్టడం మొదలుపెట్టి జనానికి పని కల్పించాడు. ఆ చర్చి 1924 డిసెంబరు 25న ప్రారంభమైంది. తండ్రికి కూలి దొరికితే బిడ్డకు ఆ ఇంట్లోనే అన్నం దొరుకుతుంది. కరువులో పిల్లల్ని కాపాడటానికి ఇంతకన్నా మంచి దారి లేదు.

ఇప్పటి ట్రిప్పు తీరు చాలామందికి తెలిసిందే. శంషాబాద్ విమానాశ్రయంలో దిగిన బృందం వ్యానులో హోముకు చేరుతుంది. గేటు దగ్గర పిల్లలు వరుసగా నిలబడి పాట పాడతారు. ఆపైన సెలవుల్లో చర్చిలు నడిపే వెకేషన్ బైబిల్ స్కూల్ (వీబీఎస్)లో నేర్పినట్టే అభినయ గీతాలు, రంగు కాగితాలు, బిస్కెట్ ప్యాకెట్లు, చివరి రోజు కొత్త బట్టలు. మూడేళ్ల పిల్ల ముక్కూమొహం తెలియని మనిషి మెడను కావలించుకుని దిగనంటుంది. చూసినవారికి అది ప్రేమగా కనిపిస్తుంది. పిల్లల వైద్యులకు మాత్రం అది ఆందోళన కలిగించే లక్షణం. ఇంట్లో పెరిగే ఆ ఈడు పిల్ల కొత్త ముఖం చూస్తే అమ్మ చీర చాటుకు పోతుంది. చాటుకు పోవడానికి ఎవరూ లేని పిల్ల ఎవరి దగ్గరికైనా పోతుంది. పది రోజులకు వ్యాను కదలగానే ఆ బిడ్డ మళ్లీ ఒంటరి. మరుసటి నెల మరో బృందం, మరో వీడ్కోలు.

రుమేనియా రాజధాని బుకారెస్ట్‌లో 2000లో మొదలైన అధ్యయనం పిల్లల ఈ తీరుకు మూలం ఎక్కడుందో చూపించింది. ఆశ్రమాల్లో ఉన్న 136 మంది పసివాళ్లలో సగం మందిని పెంపుడు కుటుంబాలకు అప్పగించారు. ఇళ్లకు వెళ్లిన పిల్లలు తెలివితేటల్లోనూ మనుషులతో అనుబంధంలోనూ ఆశ్రమంలో మిగిలినవారి కంటే బాగా కోలుకున్నారు. రెండేళ్లలోపే కుటుంబంలోకి వెళ్లినవారికి ఎక్కువ మేలు జరిగింది.

అసలు ఆశ్రమాల్లో ఉన్న పిల్లల్లో ఎక్కువమంది అనాథలు కారు. ప్రపంచవ్యాప్తంగా అయిదుగురిలో నలుగురికి తల్లో తండ్రో బతికే ఉన్నారని సేవ్ ది చిల్డ్రన్ సంస్థ 2009లో చెప్పింది. తెలుగు పల్లెల్లోనూ భర్త పోయిన తల్లి, వలస కూలీ తండ్రి చదువు కోసం, మూడు పూటల తిండి కోసం బిడ్డను హోములో చేర్చడం మామూలే. పేదరికమే అక్కడ బిడ్డను తల్లి నుంచి వేరుచేస్తోంది. పిల్లల్ని చూసి విదేశీయులు డబ్బిస్తున్నప్పుడు, పిల్లల్ని ఇంటికి పంపాలన్న తొందర హోముకు ఉండదు. కొన్ని దేశాల్లో ఈ డబ్బు కోసమే పిల్లల్ని ఊళ్ల నుంచి తెచ్చి ఆశ్రమాలు నింపారు. దాన్ని ఆధునిక బానిసత్వంగా గుర్తించాలని ఆస్ట్రేలియా పార్లమెంటు కమిటీ 2017లో సిఫారసు చేసింది. 2019 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ కూడా అనాథాశ్రమాల సేవాయాత్రల కీడును తన తీర్మానంలో ప్రస్తావించింది.

మన దేశంలో 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం ప్రతి హోమూ రిజిస్టర్ కావాలి. బాలల సంక్షేమ కమిటీ ఉత్తర్వు లేకుండా బిడ్డను అక్కడ ఉంచుకోకూడదు. ఆ పిల్లల పేరు, ఫొటో బయటపెడితే ఆరు నెలల వరకు జైలు లేదా రెండు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ట్రిప్పుల ఫొటోలను సొంత ఊళ్లో చర్చి తెర మీద చూపేవారు ఇది తెలుసుకోవాలి. పర్యాటక వీసా మీద వచ్చి మతప్రచారం చేయడం కూడా కుదరదు.

వచ్చేవారి మనసు మంచిదే. ఆ మంచితనానికి సరైన దారి చూపాలి. ఉదాహరణకు, బృందంలో ఫిజియోథెరపిస్టు వస్తే పిల్లల్ని ఎత్తుకోవడం కన్నా అక్కడి ఆయాలకు, సిబ్బందికి వ్యాయామాలు నేర్పితే, ఆయన వెళ్లిపోయాకా ఆ పని సాగుతుంది. విమానం టిక్కెట్ల డబ్బుతో ఒక తల్లికి కుట్టుమిషనో, గేదో కొనిపెడితే బిడ్డ ఇంటికి తిరిగి రావచ్చు. ప్రభుత్వ మిషన్ వాత్సల్య పథకం కూడా బిడ్డను కుటుంబంలోనే పెంచుకునేందుకు నెలకు 4,000 రూపాయలు ఇస్తోంది. ఈ సంగతి చాలా పల్లెల్లో తల్లులకు తెలియదు. ప్రతి సంఘంలో పాస్టర్లు ఆదివారం ఆరాధన తర్వాత రెండు నిమిషాలు దీని గురించి చెప్పాలి. దిక్కులేని బిడ్డ కనిపిస్తే ఏ ఆశ్రమానికో తీసుకెళ్లకుండా 1098కి ఫోన్ చేయాలి.