సూర్యుడు ముందే మళ్లాడు!

జూన్ 21... ఏడాదిలో అన్నిటికన్నా పెద్ద పగలు. ఆ రోజు తెల్లవారకముందే ఇంగ్లండులోని స్టోన్‌హెంజ్ దగ్గర వేలమంది ఈశాన్యం వైపు చూస్తూ నిలబడతారు. రాతి వలయం మధ్య నుంచి చూస్తే, బయట విడిగా ఉన్న ఒక బండ పక్కనుంచి సూర్యుడు పైకొస్తాడు. దాదాపు 4500 ఏళ్ల కిందట గురిచూసి మరీ నిలబెట్టిన రాళ్లవి!

మన పూర్వీకులూ ఆ మలుపును కనిపెట్టారు. రోజూ కాస్త కాస్త ఉత్తరానికి జరుగుతూ ఉదయించే సూర్యుడు ఒకచోట ఆగి, దక్షిణం దారి పడతాడు. అదే దక్షిణాయనం. ఉత్తరాయణం దేవతలకు పగలు, దక్షిణాయనం రాత్రి అంటారు పెద్దలు.

మరి పంచాంగం తెరిచి చూడండి. దక్షిణాయనం జూలై 16 ప్రాంతంలో, కర్కాటక సంక్రమణంతో మొదలవుతుంది. ఆకాశంలో సూర్యుడు మళ్లి అప్పటికే పాతిక రోజులు! ఎందుకీ తేడా?

తిరిగే బొంగరం తల ఊగినట్టే భూమి ఇరుసూ నెమ్మదిగా ఊగుతుంటుంది. ఒక చుట్టుకు సుమారు 26 వేల ఏళ్లు. దాంతో సూర్యుడు మళ్లే చోటు నక్షత్రాల మధ్య 72 ఏళ్లకు ఒక డిగ్రీ చొప్పున వెనక్కి జరుగుతుంది. పంచాంగమేమో నక్షత్రాలను బట్టే రాశులు లెక్కిస్తుంది. సుమారు 1700 ఏళ్ల కిందట రెండూ ఒకే రోజు వచ్చేవి. తర్వాత 72 ఏళ్లకో రోజు చొప్పున దూరం పెరిగింది.

ఈ మార్పు మన పండితులకు తెలియనిది కాదు. వేదాంగ జ్యోతిషం ప్రకారం సూర్యుడు ఆశ్లేష నక్షత్రం మధ్యలో దక్షిణానికి మళ్లేవాడు. 6వ శతాబ్దంలో వరాహమిహిరుడు 'బృహత్సంహిత'లో ఆ పాత మాటను గుర్తుచేసి, ఇప్పుడు మలుపు కర్కాటకం మొదట్లో ఉందని రాశాడు. శాస్త్రంలో చెప్పినట్టు లేకపోతే కళ్లతో చూసి తేల్చుకోమన్నాడు. దూరంగా ఒక గుర్తు పెట్టుకుని ఉదయాస్తమయాలు గమనించమన్నాడు. పెద్ద వలయం గీసి, దానిలోకి నీడ వచ్చిపోయే చోట్లు చూడమన్నాడు.

ఆ పరీక్ష మనమూ చేయొచ్చు. జూన్ 21న మిట్టమధ్యాహ్నం డాబా మీద ఒక కర్రను నిటారుగా నిలబెట్టండి. సూర్యుడు మన నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు కాబట్టి, తెలుగు నేల మీద ఎక్కడైనా ఆ పొట్టి నీడ దక్షిణానికే పడుతుంది. సంక్రాంతికి అదే కర్ర నీడ పొడవుగా ఉత్తరానికి పడుతుంది. పిల్లలకు చూపిస్తే, అయనం అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు!