ఫోన్ సైలెంట్‌లో పెడితే సరిపోతుందా?

చదువుకునేటప్పుడు ఫోన్ సైలెంట్‌లో వేసి, పక్కనే బోర్లా పెట్టేస్తున్నారా? 2017లో ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీకి చెందిన ఏడ్రియన్ వార్డ్ బృందం సుమారు 800 మందిపై దీన్నే పరీక్షించింది. మోగే ఫోన్ ఒక్కటీ లేదు. అయినా ఫోన్‌ని పక్క గదిలో వదిలి వచ్చినవాళ్లు, టేబుల్ మీద పెట్టుకున్నవాళ్ల కంటే జ్ఞాపకశక్తి, లాజిక్ టెస్టుల్లో బాగా చేశారు. విచిత్రం ఏంటంటే, అసలు ఫోన్ గురించి ఆలోచించనే లేదని ఎక్కువమంది చెప్పారు! తర్వాతి కొన్ని ప్రయోగాల్లో ఈ తేడా కనిపించలేదు, అదీ నిజమే. కానీ ట్రై చేయడానికి ఖర్చేం లేదు కదా.

"ఫోన్ తగ్గిస్తా" అనుకుంటే కుదరదు. ఎప్పుడు, ఎక్కడ అన్నది ముందే ఫిక్స్ చేసుకుంటే మాట మీద నిలబడటం సులువని జర్మన్ సైకాలజిస్ట్ పీటర్ గోల్‌విట్జర్ 1990ల్లోనే చూపించారు. "రాత్రి 9 కాగానే ఫోన్ హాల్లో ఛార్జింగ్‌కి పెడతా" అన్నట్టు. మంచం పక్కనున్న ఛార్జర్‌ని ఇవాళే అక్కడికి మార్చేయండి. అలారమా? ఇంట్లో ఉన్న పాత టైంపీస్ చాలు.